ర్యాంట్ అండ్ రేవ్ అంటే తిట్టడమేనా?

మీరు అడిగింది రెండు ముక్కలు. ఒక ఇంగ్లీషు నవలలో ఒకాయన గంటసేపు ‘ర్యాంటెడ్ అండ్ రేవ్‌డ్’ అనీ, అయినా ఎవరూ వినలేదనీ చదివారు. నిఘంటువు తీస్తే ‘కేకలు వేయు, ఆవేశంతో మాట్లాడు’ అని కనిపించింది. అంటే తిట్టడమేనా అన్నది మొదటి ముక్క. సినిమా పోస్టర్ల మీద ‘రేవ్ రివ్యూస్’ అని గొప్పగా వేసుకుంటారు కదా, కేకలకు వాడే మాట పొగడ్త ఎలా అయింది అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు, తిట్టడం కాదు. తిట్లు అందులో ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఆవేశం మనిషి పట్టు తప్పిపోయి, గొంతు పెంచి, పొంతన లేకుండా, ఆపమన్నా ఆపకుండా మాట్లాడుతూ పోవడం అది. మన ‘శివాలెత్తిపోవడం’, ‘నానా యాగీ చేయడం’, ‘ఇల్లు పీకి పందిరేయడం’ దీనికి దగ్గర చుట్టాలు. వీటిలో ఏది ఎక్కడ వాడాలో చివర్లో మీ వాక్యంతోనే చూద్దాం. ముందు ర్యాంట్ ఏంటో, రేవ్ ఏంటో విడివిడిగా తెలిస్తే రెండో ప్రశ్న దానంతటదే విడిపోతుంది.

రేవ్‌తో మొదలుపెడతాను, రెండిటిలో అదే పెద్దది. ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాట 14వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో ఉంది. అప్పట్లో దానికి కోపంతో పని లేదు. మతి చలించినవాడో, జ్వరం తలకెక్కినవాడో ఒళ్ళు తెలియకుండా మాట్లాడే మాటలకు ఆ పేరు. దీనికి తెలుగులో కొలిచి కుట్టినట్టుండే మాట ఒకటి ఉంది, సంధి ప్రేలాపన. జ్వరం బాగా ఎక్కువైన మనిషి పక్కన ఒక్క రాత్రి కూర్చున్నా తెలుస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి. మనల్ని ఎవరో అనుకుని మాట్లాడతారు. ఎప్పుడో పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. ఒక వాక్యం సగంలో ఉండగానే ఇంకొకటి ఎత్తుకుంటారు. గొంతులో మాత్రం చాలా ముఖ్యమైన సంగతి చెబుతున్నంత పట్టుదల. తెల్లారి అడిగితే ఒక్క ముక్కా గుర్తుండదు. రేవ్‌కు పునాది అర్థం ఇదే.

ఇంకో తమాషా ఏమిటంటే, మన ‘పేలడం’ కూడా అలాగే రెండు చోట్లా వినబడుతుంది. సంధిలో ఉన్నవాడూ పేలుతాడు, ‘అవాకులు చెవాకులు పేలుతున్నారు’ అని నాయకులు ఒకరి మీద ఒకరు విరుచుకుపడినప్పుడూ అదే మాట. జ్వరం లేకపోయినా పేలడం ఉంటుంది. ఇంగ్లీషులోనూ అంతే. ఒళ్ళు కాలకపోయినా, మతి చెడకపోయినా, చెడినట్టు మాట్లాడితే చాలు, రేవ్ అనేశారు. గాలివానకూ, అల్లకల్లోలంగా ఉన్న సముద్రానికీ కూడా ఆ మాట వాడిన కవులున్నారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మనిషికి మతి పోయేది కోపం వల్లేనా? ఇష్టం వల్ల పోదా? ‘అది చూసి మతిపోయింది’, ‘ఆ పాటంటే నాకు పిచ్చి’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. ఎవరూ డాక్టర్ని పిలవరు. ఇంగ్లీషు రేవ్ కూడా అలాగే రెండు వైపులా మొగ్గింది. 1920ల నాటికి అమెరికాలో నాటకాన్ని ఆకాశానికెత్తేసిన సమీక్షను ‘రేవ్’ అనడం మొదలైంది. సమీక్షకుడు ఒళ్ళు మరిచి పొగిడాడని భావం. మీ పోస్టర్ మీదున్నది అదే. ‘రేవింగ్ బ్యూటీ’ అన్నా మతిపోగొట్టే అందమనే.

మూడో బిడ్డ కూడా ఉంది. వార్తల్లో తరచూ చదివే రేవ్ పార్టీలో రేవ్ కూడా ఈ రేవే. 1950లలో లండన్‌లో కుర్రకారు ఒళ్ళు మరిచి చేసుకునే పార్టీలకు ఆ పేరు వాడారు. 1980ల చివర్లో ఖాళీ గోడౌన్లలో, పొలాల్లో ఎలక్ట్రానిక్ సంగీతంతో తెల్లవార్లూ గంతులేసే సభలకు అది స్థిరపడింది. 1994లో బ్రిటన్ ఇలాంటి వాటిని అదుపు చేయడానికి చట్టం చేస్తూ, ఏ సంగీతం దాని కిందికి వస్తుందో చెప్పాల్సి వచ్చింది. ఒకే రకం దరువు మళ్ళీ మళ్ళీ వస్తూ ఉండేది అని రాశారు. చట్టం రాసే లాయర్లు దరువుకు నిర్వచనం ఇవ్వడానికి తంటాలు పడిన సందర్భం బహుశా ఇదొక్కటేనేమో.

ఈ రేవ్ నన్ను ఒకసారి నిలువునా ముంచింది. పత్రికలో అనువాదాలు మొదలుపెట్టిన కొత్తలో, రాత్రి డ్యూటీలో, ఒక విదేశీ సినిమా గురించిన వార్త నా చేతికొచ్చింది. ‘క్రిటిక్స్ రేవ్‌డ్ అబౌట్ ఇట్’ అని ఉంది. అప్పటికి నాకు తెలిసిన రేవ్ ఒక్కటే, ర్యాంట్‌తో కలిసి తిరిగేది. ‘విమర్శకులు విరుచుకుపడ్డారు’ అని రాసేశాను. ఆ తర్వాతి వాక్యంలో సినిమాకు అవార్డులు వచ్చాయని ఉంది. కాస్త అనుమానం వచ్చింది కానీ, టైమ్ లేదు. అనుమానాన్ని కప్పెయ్యడానికి మధ్యలో ‘అయినప్పటికీ’ అని ఒక మాట నేనే చేర్చాను. పొద్దున సీనియర్ ఒకాయన ఆ ‘అయినప్పటికీ’ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పేపర్ నా టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. ఏమీ అనలేదు. అర్థం తెలియకపోవడం కన్నా, అర్థం పొసగనప్పుడు మనమే అతుకు వేసుకోవడం పెద్ద తప్పని ఆ సున్నా చూశాక అర్థమైంది.

అందుకే ఇప్పుడు రేవ్ కనిపిస్తే ముందు దాని పక్కన ఏముందో చూస్తాను. రేవ్ ఒక్కటే ఉండి వెనక ‘అబౌట్’ ఉంటే దాదాపు ఎప్పుడూ పొగడ్త. ‘ఎట్’ ఉంటే ఎవరి మీదో అరుస్తున్నట్టు. ‘ఎగైనెస్ట్’ ఉంటే దేన్నో తీవ్రంగా నిరసిస్తున్నట్టు. కానీ ముందు ర్యాంట్ చేరిందా, ఇక ‘అబౌట్’ ఉన్నా ఏదున్నా పొగడ్త పోతుంది. ఒకావిడ హోటల్ సర్వీసు గురించి రేవ్ చేసిందంటే తెగ మెచ్చుకుంది. ర్యాంట్ అండ్ రేవ్ చేసిందంటే మేనేజర్‌కు చెమటలు పట్టించింది. ఒక్క మాట తోడొస్తే వాక్యం బోర్లా పడుతుంది.

ఇక ర్యాంట్. ఇది డచ్చి నుంచి 16వ శతాబ్దం చివర్లో వచ్చింది. అక్కడ దానికి పిచ్చిపిచ్చిగా మాట్లాడటం అని అర్థం. ఇంగ్లీషులోకి వచ్చాక ఎక్కువగా రంగస్థలం పక్కన కనబడుతుంది. డైలాగును అవసరానికి మించి దంచి కొట్టే నటుడు చేసేది ర్యాంట్. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన ‘హామ్లెట్’ అయిదో అంకంలో, ఒఫీలియాను పూడ్చే చోట ఆమె అన్న లేర్టీజ్ గుండెలు బాదుకుంటూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడతాడు. అది చూసి హామ్లెట్, నువ్వు నోరు చేసుకుంటే నేనూ నీకు తీసిపోకుండా ర్యాంట్ చేయగలను అంటాడు. అక్కడ ఇద్దరిదీ దుఃఖమే. ర్యాంట్ అనిపించుకున్నది ఆ దుఃఖాన్ని చెప్పుకున్న తీరు. కాబట్టి కోపం ఉంటేనే ర్యాంట్ అన్న లెక్క మొదటి నుంచీ లేదు.

ఉత్తర ఇంగ్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ ర్యాంట్ అంటే హుషారైన నాట్యం, దానికి వాయించే బాణీ కూడా. నేల మీద కాళ్ళు టకటకలాడించే ఒక అడుగుకు ఇప్పటికీ ‘ర్యాంట్ స్టెప్’ అనే పేరు. దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మన ‘చిందులు తొక్కడం’ గుర్తొచ్చి నవ్వొచ్చింది. చిందు కూడా ఆటే కదా. ‘అంతా విని మామయ్య చిందులు తొక్కాడు’ అంటే ఆయన నాట్యం చేశాడని ఎవరూ అనుకోరు. కోపమొచ్చిన మనిషి చేతులూ కాళ్ళూ నిలవవని రెండు భాషలూ వేటికవే కనిపెట్టాయి.

ర్యాంట్ చరిత్రలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం ‘ర్యాంటర్లు’ అనే పేరు. 1649లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తల తీసేశాక, దేశం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో, దేవుడు అందరిలోనూ ఉన్నాడు కాబట్టి పాపం అనేది అంటదని చెప్పేవాళ్ళు కొందరు బయల్దేరారు. వాళ్ళకు ర్యాంటర్లని పేరు పెట్టింది గిట్టనివాళ్ళు. 1650లో పార్లమెంటు దైవదూషణ మీద చట్టం తెచ్చింది ఇలాంటివాళ్ళ కోసమే. వాళ్ళ గురించి ఈ రోజు తెలిసినదాంట్లో చాలా భాగం, వాళ్ళను తిడుతూ అచ్చేసిన కరపత్రాల నుంచి తెలిసిందే. మళ్ళీ 19వ శతాబ్దం మొదట్లో, ఆరుబయట గొంతెత్తి పాడుతూ బోధించే ప్రిమిటివ్ మెథడిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళకు కూడా జనం ర్యాంటర్లనే ముద్ర వేశారు. రెండుసార్లూ ఆ పేరు బయటివాళ్ళు అంటించిందే.

ఈ జంట మాటకు కీలకం కూడా అక్కడే ఉంది. ర్యాంట్ అండ్ రేవ్ అన్నది మాట్లాడేవాడి మాట కాదు, వినేవాడి తీర్పు. ఊగిపోతున్న మనిషిని ఏం చేస్తున్నావని అడిగితే ‘న్యాయం అడుగుతున్నా’ అంటాడు. పక్కనున్నవాడు ‘వీడి గోల మొదలైంది’ అంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకటే సీను. కాబట్టి ఒక రచయిత ‘ఆందోళన చేస్తున్నవాళ్ళు ర్యాంట్ అండ్ రేవ్ చేశారు’ అని రాశాడంటే, వాళ్ళ మాటలో విషయం లేదని చాటుగా చెప్పేశాడన్న మాట. అనువాదంలో దాన్ని ‘ఆగ్రహం వ్యక్తం చేశారు’ అని రాస్తే ఆ ఎత్తిపొడుపు ఆవిరైపోతుంది. ‘శివాలెత్తారు’ అంటే నిలుస్తుంది. అలాగే మూలంలో మామూలుగా ‘ప్రొటెస్టెడ్’ అని ఉన్నచోట తెలుగులో ‘చిందులు తొక్కారు’ అని రాశామా, మనం ఒక పక్షం చేరిపోయినట్టే. ఇది నేను ఎంతోమంది కొత్తవాళ్ళ కాపీల్లో దిద్దాను.

తిట్టడానికీ దీనికీ తేడా ఎక్కడో ఒక మనిషిని చూపించి చెబుతాను. నేను పనిచేసిన ఒక ఆఫీసులో మా పై అధికారి ఉండేవారు. పేరు అనవసరం. ఒకరోజు ఒక ఫైలు రెండు గంటలు ఆలస్యమైంది. సంబంధించిన కుర్రాణ్ణి పిలిచారు. మొదటి రెండు నిమిషాలు ఫైలు గురించే మాట్లాడారు, అందులో తప్పు పట్టడానికి లేదు. అక్కడితో ఆపితే అది మందలింపు. మూడో నిమిషంలో ఆ కుర్రాడు ఎప్పుడో పెట్టిన సెలవు వచ్చింది. అయిదో నిమిషానికి అతని కుర్చీ ఎందుకు కిటికీ వైపు తిరిగి ఉందన్న ప్రశ్న. పదో నిమిషానికి ఈ తరం, సెల్‌ఫోన్లు, ఫ్యాను చప్పుడు, తన పెళ్ళిరోజున కూడా తాను ఆఫీసుకొచ్చిన వైనం. అప్పటికి కుర్రాడి వైపు చూడటం కూడా మానేసి గోడ మీద క్యాలెండర్‌తో మాట్లాడుతున్నారు. మేం ఎవరి సిస్టమ్‌లోకి వాళ్ళం తలలు దూర్చేశాం. ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది. ఆ పావుగంటలో దాన్ని ఎవరూ తెరవలేదు.

రెండో నిమిషం దాకా ఇంగ్లీషులో ‘స్కోల్డ్’ అంటే సరిపోయేది. ఆ తర్వాతదంతా ర్యాంటింగ్ అండ్ రేవింగ్. విషయం జారిపోవాలి, సమయం సాగాలి, ఎదుటివాడు ఉన్నా లేనట్టే అవ్వాలి. ఎంత ఘాటైన తిట్టయినా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ మాట నప్పదు. అందుకే దీని పక్కన తరచూ ‘గంటసేపు’, ‘రాత్రంతా’ లాంటి కొలతలు ఉంటాయి, క్రియ కూడా జరుగుతూ ఉన్నట్టు ‘ర్యాంటింగ్ అండ్ రేవింగ్’ రూపంలోనే ఎక్కువగా కనబడుతుంది.

వ్యాకరణంలో మనవాళ్ళు జారేది ఒక్కచోటే. తెలుగులో ‘నన్ను తిట్టాడు’ అంటాం కాబట్టి ఇంగ్లీషులో కూడా ‘హి ర్యాంటెడ్ మీ’ అని రాసేస్తారు. అలా కుదరదు. ‘ఎట్ మీ’ అనాలి. తిట్టుకు ఒక గురి ఉంటుంది, అది తిన్నగా వెళ్ళి మనిషికి తగులుతుంది. ఇది గురి లేకుండా గాల్లోకి పోయేది, మన వైపు తిప్పాలంటే మధ్యలో ‘ఎట్’ పెట్టాలి. నేను పాఠం చెప్పేటప్పుడు ఇలా గుర్తుపెట్టుకోమంటాను, ఇప్పటిదాకా ఎవరూ మళ్ళీ తప్పు చేయలేదు.

జంటలో వరస కూడా మారదు. ‘రేవ్ అండ్ ర్యాంట్’ అంటే అర్థం కాకపోదు, కానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘కస్సుబుస్సు’ను ‘బుస్సుకస్సు’ అన్నట్టు. ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు రెండు జత కట్టి ఒకే మాటగా తిరగడం ఇంగ్లీషుకు ఇష్టం. ‘సేఫ్ అండ్ సౌండ్’, ‘ర్యాక్ అండ్ రూయిన్’ అలాంటివే. ఇలాంటివాటిని చీల్చి రెండు తెలుగు మాటలు పెట్టనక్కర్లేదు. ‘ఆవేశంగా అరిచి, పిచ్చిగా కేకలు వేశాడు’ అని రాస్తే రెండు పనులు చేసినట్టుంటుంది, అతను చేసింది ఒక్కటే.

అయితే బహువచనం తగిలితే జాగ్రత్త. ‘ర్యాంట్స్ అండ్ రేవ్స్’ అని ఎక్కడైనా శీర్షిక కనబడితే అది ఈ నుడికారం మీద ఆడిన చమత్కారం. ‘వైర్డ్’ పత్రిక పాఠకుల ఉత్తరాల పేజీకి ఆ పేరే పెట్టుకుంది. అక్కడ ర్యాంట్ అంటే ఫిర్యాదు, రేవ్ అంటే మెచ్చుకోలు. జంటగా ఉన్నప్పుడు ఒకే అరుపు అరిచినవి, విడిపోయి ఎదురెదురుగా నిలబడ్డాయి.

ర్యాంట్ ఒక్కటే వాడితే ఈ మధ్య చాలా మెత్తబడింది కూడా. నెట్‌లో ఎవరో ఫోన్ బ్యాటరీ గురించి నాలుగు పేరాలు వాపోయి, చివర్లో ‘ర్యాంట్ ఓవర్’ అని పెడతారు. వినేవాడు వేసే ముద్రను ముందే తనకు తాను వేసుకుని, ‘నాకూ తెలుసులే’ అని నవ్వేయడం అది. దాన్ని ‘నా ప్రేలాపన ముగిసింది’ అని తెలుగు చేస్తే మనిషి మీద జాలేస్తుంది. ‘సరే, నా సోది అయిపోయింది’ అనండి, చక్కగా అతుకుతుంది. పూర్తి జంటకు మాత్రం ఆ మెత్తదనం రాలేదు. తన గురించి తానే చెప్పుకున్నా, ‘అప్పుడు ఒళ్ళు తెలియలేదు’ అన్న ఒప్పుకోలు అందులో ఉంటుంది.

దీనితో కలగాపులగం చేసేవి ఇంకొన్ని ఉన్నాయి, పైపైన చెప్పేస్తాను. ‘షూట్ యువర్ మౌత్ ఆఫ్’ అంటే నోరు పారేసుకోవడం, అనకూడనిది అనేయడం. ‘ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్’ అంటే గొడ్డలి తల పిడి నుంచి ఊడి ఎగిరినట్టు ఉన్నట్టుండి ఒంటికాలి మీద లేవడం. అది కోపం రావడం గురించే, ఆ తర్వాత ఎంతసేపు మాట్లాడాడన్నది దానికి అనవసరం. ‘టాక్ త్రూ యువర్ హ్యాట్’ అంటే తెలియనిదాన్ని తెలిసినట్టు దంచడం, అందులో కోపమే లేదు. ‘వెంట్’ అంటే గోడు వెళ్ళబోసుకోవడం, కడుపులోది కక్కేయడం. దానికి సానుభూతి దక్కుతుంది, ర్యాంట్ అండ్ రేవ్‌కు దక్కదు. ‘రీడ్ ద రయట్ యాక్ట్’ను కూడా చాలామంది వీటిలోనే కలిపేస్తారు. అది పూర్తిగా వేరు. 1714 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం పన్నెండు మందో అంతకన్నా ఎక్కువో గుమిగూడి గొడవ చేస్తుంటే, అధికారి ఒక ప్రకటన చదివేవాడు, గంటలోగా వాళ్ళు చెదిరిపోవాల్సి ఉండేది. కాబట్టి అది హద్దు గీసి చేసే హెచ్చరిక, ఊగిపోవడానికి నేరుగా వ్యతిరేకం.

ఒక మనవి. నిజంగా జబ్బుతో మాట తడబడుతున్న మనిషి గురించి ఈ రోజుల్లో ‘రేవింగ్’ అని రాయరు, వైద్యులు వాడే మాట ‘డెలీరియం’. తెలుగులో కూడా అక్కడ ‘పేలుతున్నాడు’ అనడం మోటుగా ఉంటుంది. ‘సంధిలో ఉన్నారు’, ‘స్పృహ తప్పి మాట్లాడుతున్నారు’ అంటే చాలు. పాత నవలల్లో రేవింగ్ కనిపించినప్పుడు మాత్రం కోపమా, జ్వరమా అన్నది ముందు వెనక పేజీలు చదివి తేల్చుకోండి.

ఇప్పుడు మీ వాక్యం. ‘గంటసేపు ర్యాంట్ అండ్ రేవ్ చేశాడు, ఎవరూ వినలేదు.’ మీరిచ్చిన ముక్కలో ఆయన ఇంట్లో ఉన్నాడో బయట ఉన్నాడో లేదు. ఇంట్లో అయితే ‘గంటసేపు ఇల్లు పీకి పందిరేశాడు, పట్టించుకున్న నాథుడు లేడు’ అని రాస్తాను. నలుగురిలో అయితే ‘నానా యాగీ చేశాడు’. సభలో మైకు ముందైతే ‘ఊగిపోయాడు’. అరిచి అరిచి వృథా అయిందన్నదే అక్కడ ముఖ్యమైతే వీటన్నిటికన్నా ‘గొంతు చించుకున్నాడు’ మేలు, వినేవాళ్ళు లేరన్న సంగతి సగం ఆ మాటలోనే వచ్చేస్తుంది. ‘అవాకులు చెవాకులు పేలాడు’ మాత్రం వద్దు. అందులో ఎవరి మీదో అభాండాలు వేశాడన్న వాసన ఉంది, మీ వాక్యంలో అది లేదు. ఆ గంటలో ఆయన ఏమేం అన్నాడో తర్వాతి పేజీలో ఉందేమో చూడండి. ఉంటే ఆ నాలుగు వాక్యాలూ ఇక్కడ పెట్టండి, ఈ నాలుగింటిలో ఏది ఖాయం చేయాలో అప్పుడు చెబుతాను.